రెండో నెల

వరండాలో చాప పరిచి, దాని మీద ఒకసారి అరచేత్తో రాసి చూసుకుంది యమున. చేతికి సన్నటి నల్లటి నుసి అంటింది. గోదావరిఖనిలో పొద్దున తుడిచిన చాప సాయంత్రానికి మళ్లీ నల్లబడటం కొత్తేం కాదు. తడిగుడ్డ తెచ్చి ఇంకోసారి తుడిచింది. నల్లబల్లను గోడకు ఆనించి, దాని అంచు మీద సుద్దముక్క పెట్టింది. బడులు తెరిచి చాలా రోజులైంది. క్వార్టర్ల వరుసలోని పిల్లలంతా ఈపాటికి ట్యూషన్‌కు సంచులతో వచ్చి ముందు చోటు కోసం తోసుకోవాల్సిన వేళ.

ఎవరూ రాలేదు. నిన్న కూడా రాలేదు. అయినా చాప పరవకుండా ఉండలేకపోతోంది.

వీధిలో పూలమ్మ కూతురు సహస్ర వీపున సంచితో గేటు ముందు నుంచే వెళ్లింది. ఆ పిల్ల ఇటు తల తిప్పబోయింది. వెనక నడుస్తున్న తల్లి చెయ్యి భుజం మీద పడేసరికి నేలచూపులు చూస్తూ నడక పెంచింది. పక్క క్వార్టర్లోనే ఉండే పూలమ్మ మాత్రం ఆగి, గేటు పట్టుకుంది.

"చౌరస్తా కాడ సారు దగ్గర చేర్పించిన యమునా. ఆడ ఇంగ్లీషు గూడ చెప్తరట."

"మంచిది వదినా."

"ఏమనుకోకు. పెద్దపిల్ల కాన్పుకచ్చింది గద. సహస్ర మీ ఇంటికి వచ్చుడు, పోవుడు..." పూలమ్మ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం కూడా లేదు. గేటు ఇనుపచువ్వను వేలితో గీకుతూ కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

లోపల పాప ఏడుపు అందుకుంది. యమున చేతులు కడుక్కుని పోయేసరికి అత్త సమ్మవ్వ పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మేడారం జాతర అయిన ఏడాది పుట్టిందని, తండ్రి అంజి మొక్కుకున్నాడని పాపకు సారలమ్మ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన రోజు కూడా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేరు.

యమున గోడకు చేరగిలబడి, పాపను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తల వెనక అరచెయ్యి పెట్టి, గిన్నెలోని పాలలో చెంచా ముంచి, చెంచా అంచును పెదవి మంచిగా ఉన్న వైపు ఆనించింది. పాప పైపెదవి ఎడమవైపున ముక్కు దాకా చీలి ఉంది. ఆ చీలిక లోపలి నుంచి గులాబీ రంగు చిగుళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్క. ఒక చుక్క మింగిందాకా ఆగి ఇంకో చుక్క. తొందరపడితే పాలు ముక్కులోంచి బయటికొస్తాయి. వచ్చాయి కూడా. పాప ఉక్కిరిబిక్కిరై, కళ్లు పెద్దవి చేసి, తల్లి మొహంలోకి ఆశ్చర్యంగా చూసింది. ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో సాయంత్రపు పేలుడు జరిగినట్టుంది, గూట్లో గిన్నెలు సన్నగా గలగలమన్నాయి.

"గ్రహణం నాడు ఇంట్ల పండుకోమంటే పండుకున్నవా?" సమ్మవ్వ మెల్లగానే అంది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. బియ్యంలో రాయి ఏరినట్టు ఒక్కొక్క మాటా ఏరి పక్కన పెడుతుంది. "పోరగాండ్లను ఏసుకొని చెట్టు కిందికి పోయినవ్. సదువుకున్నదానివి, నీకు ఎవలు చెప్తరు?"

యమున చెంచా గిన్నెలో పెట్టింది. పాప ముక్కు కింద గుడ్డతో అద్దింది.

నిజమే, పోయింది. సంక్రాంతి సెలవుల్లో వచ్చిన గ్రహణం అది. మిట్టమధ్యాహ్నం ఎండ పల్చబడి, నీళ్లు కలిపిన పాలలా అయిపోయింది. వీధంతా తలుపులు మూసుకుంది. ట్యూషన్ పిల్లలు మాత్రం గేటు దగ్గర నిలబడి, టీచరక్కా, ఒక్కసారి, ఒక్కసారి అంటుంటే తను కడుపు మీద చెయ్యి పెట్టుకుని కానుగచెట్టు కిందికి నడిచింది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటాయి. ఆ రోజు ప్రతి చుక్కా ఒక నెలవంక. నేల నిండా నెలవంకలు. పిల్లల తెల్ల అంగీల మీద, సహస్ర జడల మీద, తన చీర కుచ్చిళ్ల మీద, గాలికి ఆకులు కదిలినప్పుడల్లా అన్నీ ఒకేసారి వణికే నెలవంకలు. పిల్లలు అరవడం కూడా మరిచిపోయారు. కడుపులో బిడ్డ చేపపిల్లలా కదిలింది. అంత అందమైన రోజు తన బతుకులో ఇంకోటి లేదని అనుకుంది అప్పుడు.

చంద్రుడు అడ్డం వస్తే సూర్యుడు కనపడడు, అంతే. ఆ మాట అదే పిల్లలకు నిమ్మకాయనీ బంతినీ పట్టుకుని తనే చెప్పింది. ఇప్పటికీ అడిగితే అదే చెబుతుంది. కానీ పాప ముక్కులోంచి పాలు కారిన ప్రతిసారీ ఆ నెలవంకలు కళ్ల ముందు వణుకుతాయి. పోకుండా ఉంటే? ఆ ఒక్క పూట తలుపేసుకుని పడుకుని ఉంటే?

చదువుకున్న మాట ఒక అరలో, ఈ మాట ఇంకో అరలో. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు.

*

మర్నాడు టీకాల రోజు. దవాఖాన వసారాలో తల్లులు బెంచీల మీద, మెట్ల మీద, గోడ వారన కింద కూర్చున్నారు. గోడ మీద జై తెలంగాణ అని ఎర్రరంగుతో రాసిన అక్షరాల మీద పోలియో చుక్కల కాగితం సగం అంటించి ఉంది. సమ్మవ్వ ఒక మూల చూసుకుని, పాప మొహం మీద కొంగు కప్పి కూర్చుంది. ఎవరైనా ఇటు చూస్తే కొంగును ఇంకొంచెం లాగుతుంది.

నర్సమ్మ తలుపు దగ్గరికొచ్చి గట్టిగా పిలిచింది.

"గ్రహణం మొర్రి పాప తల్లి ఎవరమ్మా? రండి."

వసారాలో ఉన్న తలలన్నీ ఒక్కసారే తిరిగాయి. నర్సమ్మ చెడ్డమనిషి కాదు. లోపలికి పోయాక పాప బుగ్గ నిమిరింది, సూది నొప్పి తెలియకుండా కబుర్లు చెప్పింది, పాలు పట్టే పద్ధతి మంచిగుందని యమునను మెచ్చుకుంది. ఆమెకు అది జబ్బు పేరు, అంతే. జలుబు అన్నట్టు, జ్వరం అన్నట్టు. కానీ యమున బయటికొచ్చేటప్పుడు ఒక ముసలామె తన మనవణ్ని ఇటువైపు నుంచి అటువైపు మార్చి ఎత్తుకుంది.

"ఆదివారం ఇక్కడే క్యాంపు ఉన్నది. పెద్ద డాక్టర్లు వస్తరు. పాపను తప్పకుండ తీసుకరండి, ఆపరేషన్ ఎప్పుడు చెయ్యాలో చెప్తరు" అంటూ నర్సమ్మ వెనకే వచ్చి, మడత పెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. "ఇది చదువుకోండి. మీకు చదువొచ్చు గద."

ఆటోలో కూర్చున్నాక యమున కాగితం విప్పింది. పైన లావుపాటి అక్షరాలు. గ్రహణం మొర్రి: తెలుసుకోండి. ఆ మొదటి మాట చూడగానే ఎవరో పేరు పెట్టి పిలిచి, వేలెత్తి చూపించినట్టయింది. అచ్చులో కూడా ఉంది. డాక్టర్లు కూడా అదే అంటున్నారు. ఇంక కింద చదవడానికేముంది? కాగితాన్ని దాని మడతల్లోనే మళ్లీ మడిచి, పాప టీకాల కార్డులో పెట్టేసింది. ఆటో రైలుగేటు దగ్గర ఆగింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, పోతున్నాయి, ఎంతకీ అయిపోవు. వాటిని చూస్తూ చూస్తూ యమున కళ్లు మూసుకుంది. కళ్ల లోపల కూడా నల్లటి వ్యాగన్లు సాగుతూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అంజి సెకండ్ షిఫ్టుకు తయారవుతూ, బూట్ల తాళ్లు కట్టుకుంటూ అడిగాడు. "ఏమన్నరు దవాఖానల?"

"ఆదివారం క్యాంపు ఉన్నదట."

"నాకు ఆదివారం డ్యూటీ పడ్డది." టోపీ తొడుక్కోబోయి ఆగి, వంగి, పాప కాలి బొటనవేలిని తన రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. ఆ వేళ్ల గీతల్లో ఎంత కడిగినా పోని నలుపు. "అవ్వా, నువ్వు తోలుకపో యమునను. ఎవలేమన్న అననీయ్. పాపకు మంచిగ చేపియ్యాలె."

సమ్మవ్వ సద్ది గిన్నె మూత బిగించి కొడుకు చేతికిచ్చింది.

*

మరో రెండు రోజులకు, వాన వచ్చి వెలిసిన సాయంత్రం, పెరటి గోడ మీది నుంచి ధప్పుమని ఒక సంచి పడింది. దాని వెనకే సహస్ర దూకింది. మోచేతికి ఇటుక రాసుకుని ఎర్రగా అయింది. అది చూసుకోకుండానే సంచిలోంచి పరీక్ష కాగితం బయటికి లాగింది.

"టీచరక్కా, మా అవ్వ రేషన్ దుకాణానికి పోయింది. జల్ది చెప్పు. సైన్సుల అన్ని మంచిగనే రాసిన. ఈ చదివి రాసేదాంట్లనే సున్న వచ్చింది. సారేమో పాఠంలనే ఉన్నది, చూసుకో అంటడు. ఎంత చూసినా నాకు దొరుకుతలేదు."

యమునకు ముందు భయమేసింది. పూలమ్మ చూస్తే? కానీ కాగితం మీద ఎర్రసిరా సున్నా, దాని కింద సహస్ర గుండ్రటి అక్షరాలు చూడగానే చెయ్యి దానంతటదే ముందుకు చాపుకుంది. ఎన్ని రోజులైంది ఒక పిల్ల రాత చూసి. తడి గట్టు మీద గోనెపట్టా వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

కింది గద్యాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి, అని ఉంది. దాని కింద తోకచుక్క అనే శీర్షిక. అయిదారు వాక్యాల చిన్న పేరా.

"మెల్లగ చదువు. మీద మీద కాదు."

సహస్ర చదివింది. తోకచుక్క మంచు, దుమ్ము, రాళ్లు కలిసిన ముద్ద. దానికి సొంత వెలుగు లేదు. అది సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు వేడికి మంచు ఆవిరై, వెనక పొడవైన తోకలా కనిపిస్తుంది.

"ఇప్పుడు ప్రశ్న చదువు."

"తోకచుక్క నక్షత్రమేనా? ఎందుకు?"

"నువ్వేం రాసినవ్?"

"అవును, నక్షత్రమే. ఎందుకంటే చుక్క అంటే నక్షత్రం." పిల్ల తల ఎత్తింది. "గది తప్పెట్లయితది అక్కా? పేరుల్నే ఉన్నది గద, చుక్క అని!"

"పేరుల ఉన్నది. పాఠంల ఏడున్నది? వేలు పెట్టి చూపియ్."

ఇది యమున పాత పద్ధతే. జవాబు చెప్పిన పిల్ల, ఆ జవాబు పాఠంలో ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించాలి. సహస్ర వేలు మొదటి వరుస మీద నడిచింది. రెండో వరుస మీద ఆగి ఆగి నడిచింది. చివరిదాకా పోయి, మళ్లీ పైకొచ్చింది.

"ఏడ లేదు."

"మరి?"

"దానికి సొంత వెలుగు లేదని ఉన్నది. చుక్కకైతే ఉంటది." పిల్ల మొహం మెల్లగా విప్పారింది. "అంటే అక్కా, పేరు పెట్టినోళ్లకు అప్పటికి తెల్వదు. దూరంకెల్లి చూసి చుక్క అనుకున్నరు. పేరు అట్లనే ఉండిపోయింది."

గోడవతల పూలమ్మ గొంతు వినిపించి సహస్ర కాగితం సంచిలో కుక్కుకుంది, గోడెక్కింది, అవతలికి జారిపోయింది. తడి గోనెపట్టా మీద యమున అలాగే కూర్చుంది. కానుగాకుల చివర్ల నుంచి నీటిబొట్లు ఒక్కటొక్కటే రాలుతున్నాయి. ఆ పిల్ల చివరి మాట కూడా అలా ఒక్కొక్క బొట్టుగా తనలోకి దిగుతోంది.

*

మర్నాడు మధ్యాహ్నం పాప నిద్రపోయాక, యమున టీకాల కార్డులోంచి కాగితం తీసింది. సమ్మవ్వ గడప అవతల చాటలో బియ్యం పోసుకుని, రాళ్లు ఏరుతోంది.

"గదేం కాయిదం?"

"దవాఖానల ఇచ్చిండ్రు అత్తమ్మా. మొర్రి గురించి."

చాటలో సమ్మవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "బయటికి చదువు. నేను గూడ ఇంట."

యమున గొంతు సవరించుకుంది. శీర్షిక చదివింది. సమ్మవ్వ తల ఆడించింది, నేనేమన్నాను అన్నట్టు. యమున కిందికి దిగింది.

"తల్లి కడుపులో బిడ్డ ముఖం ఒక్కసారిగా తయారవదు. కుడివైపు నుంచి కొంత, ఎడమవైపు నుంచి కొంత పెరుగుతూ వచ్చి, ముక్కు కింద కలుసుకుంటాయి. పైపెదవి ఇలా కలుసుకోవడం గర్భం దాల్చిన రెండో నెలలోనే జరిగిపోతుంది. కొందరు బిడ్డల్లో ఆ రెండు వైపులూ పూర్తిగా కలవవు. అలా మిగిలిపోయిన చీలికే మొర్రి."

సమ్మవ్వ ఒక రాయి ఏరి పక్కన వేసింది.

"ఎందుకు కలవవో అందరి విషయంలోనూ చెప్పలేం. కొన్ని కుటుంబాల్లో ముందు తరాల్లోనూ ఇది కనిపిస్తుంది..."

రాయి కోసం చాపిన వేళ్లు గాలిలోనే ఉండిపోయాయి. యమున చూడలేదు, చదువుతూ పోయింది. తల్లికి సరైన తిండి అందకపోవడం, కొన్ని రకాల మందులు, పొగాకు పొగ. చాలామందిలో ఇదీ కారణమని తేలదు. ఆపరేషన్‌తో పెదవిని కలపవచ్చు. బిడ్డ బరువు పెరగాలి. పాలు ఎలా పట్టాలి. ఏ వయసులో ఏం చెయ్యాలి. కాగితం వెనకవైపు కూడా తిప్పి చదివింది. అడుగున దవాఖాన చిరునామా చదివి ఆపింది.

"మల్ల?" అంది సమ్మవ్వ.

"అయిపోయింది అత్తమ్మా."

"అయిపోయిందా? మరి గ్రహణం ముచ్చట ఏది?"

యమున అత్త మొహంలోకి చూసింది. ఆ ముసలామె ఎగతాళి చెయ్యడం లేదు. మొదటినుంచీ ఆ మాట ఎక్కడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. పిల్లలెవరూ అంత ఓపికగా వినరు. యమున మళ్లీ మొదటికొచ్చి, వేలు పెట్టుకుని, ఒక్కొక్క వరుసా వెతికింది.

"పేరుల ఉన్నది అత్తమ్మా. లోపట లేదు."

"సూడు మంచిగ."

"చూసిన. ఏడ లేదు."

సమ్మవ్వ చాట పక్కన పెట్టింది. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుంది. "రెండో నెలల అన్నవ్ గద, పెదివి కలిసేది. ఆ ముచ్చట మల్లొకసారి చదువు."

యమున చదివింది.

"రెండో నెల అంటే..." ముసలామె కళ్లు సగం మూసుకుంది. కాన్పుల లెక్కలు ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. "సద్దుల బతుకమ్మ నాడు. ఆట సాగంగ సాగంగ నడుమ కెల్లి వచ్చి ఈ గడప మీద కూలబడ్డవ్. నువ్వుల సద్ది వాసనకే కక్కినవ్."

"ఔ."

"గ్రహణం పట్టెటాల్లకు కడుపు మంచిగ కనబడవట్టె."

"ఐదో నెల దాటింది అత్తమ్మా."

సమ్మవ్వ లేచి, చాట ఎత్తుకుని, "రాసినోళ్లకు అన్ని తెలుస్తయా ఏంది" అని గొణుక్కుంటూ వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెలు అవసరానికి మించి చప్పుడయ్యాయి.

యమున పాప పక్కన వెల్లకిలా పడుకుంది. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆమె కళ్ల ముందుకొచ్చింది. తంగేడు, గునుగు, వలయంగా వంగి లేస్తున్న ఆడవాళ్ల చప్పట్లు. ఎవరికీ తెలియకుండా, తనకు కూడా తెలియకుండా, లోపల చీకట్లో వేలి గోరంతైనా లేని ఒక మొహం అప్పుడే తయారవుతోంది. ఇటునుంచి కొంచెం, అటునుంచి కొంచెం, గోదావరి రెండు గట్లూ ఒకదానికోసం ఒకటి నడిచొస్తున్నట్టు. కుడివైపు వచ్చి చేరింది. ఎడమవైపు ఇంకాస్త దూరం రావాల్సింది, ఎందుకో ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ శపించలేదు. బయట పాట నడుస్తూనే ఉంది. పాపం, ఎంత చిన్నదానివే, ఒక్కదానివే అంత పని చేసుకున్నావా, అనుకుంది. పాప వైపు ఒత్తిగిలింది. నేల మీద నెలవంకలు మళ్లీ కళ్లలో మెదిలాయి. ఈసారి అవి వణకలేదు. ఉట్టి వెలుగు మరకలు, అందంగా ఉన్నాయి. ఏడుపొచ్చింది. చాలా రోజులకు, గొంతుకు అడ్డం పడని ఏడుపు.

*

ఆదివారం దవాఖాన హాలు గుమ్మంలోనే సమ్మవ్వ ఆగిపోయింది. కుర్చీల్లో, నేల మీద, తల్లుల ఒళ్లో పిల్లలు. ఒకళ్లకు కుడివైపు చీలిక, ఒకళ్లకు ఎడమవైపు, ఒక బాబుకు రెండు వైపులా. మందమర్రి నుంచి, మంథని నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆపరేషన్ అయిపోయిన ఒక ఆడపిల్ల, పెదవి మీద దారంలాంటి సన్న గీతతో, కిటికీలో కూర్చుని పేలాలు తింటోంది.

"గింతమందా?" సమ్మవ్వ గుసగుసగా అంది. పాప మీద కప్పిన కొంగును పట్టుకున్న చెయ్యి సడలింది.

డాక్టరమ్మ పాపను తూచింది, నోట్లో వేలు పెట్టి అంగిలి చూసింది. ఇంకొంచెం బరువు పెరగనివ్వండి, చలికాలం రాకముందే పెదవి కలిపేద్దాం, అంగిలికి ఏడాది దాటాక ఇంకో ఆపరేషన్, అంది. అంత సాదాగా చెప్పింది, చిరిగిన అంగీ కుట్టిస్తామన్నట్టు. పేరు రాయించుకుని, మందుల కోసం కూర్చోమన్నారు.

పక్క కుర్చీలో ఒక సన్నటి మనిషి, నాలుగేళ్ల ఆడపిల్లను ముందు నిలబెట్టుకుని కూర్చుంది. పిల్లకు కుడివైపు మొర్రి. బిస్కెట్టును చీలిక లేని వైపు నుంచి నేర్పుగా కొరుక్కుంటోంది. ఆమె పేరు సారక్క అని, కాసిపేట దగ్గరి ఊరని మాటల్లో తెలిసింది. ఇన్నేళ్లూ ఎందుకు ఆగావని సమ్మవ్వ అడిగితే, తోలుకొచ్చేటోళ్లు లేరు అవ్వా, అంది. పిల్ల పుట్టిన నెలకే తల్లిగారింటికి పంపేశారట.

"ఏ గ్రహణానికి అయిందట నీకు?" సమ్మవ్వ అడిగింది. అలవాటైన ప్రశ్న, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

సారక్క పిల్ల జుట్టు సర్దుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"గ్రహణం దొరకలే అవ్వా. మా అత్త అయ్యగారి దగ్గరికి పోయి పంచాంగం చూపిచ్చింది. నేను కడుపుతోని ఉన్నన్ని దినాలు మా దిక్కు గ్రహణమే పట్టలేదట. దొరకకపోయేసరికి, నేనే ఏదో జేసి దాస్తున్న అన్నది. ఏం జేసినవో చెప్పుమని పొద్దుమాపు అడిగేది. ఏమని చెప్పాలె? ఏం జేసిన్నో నాకెర్క లేకపాయె."

యమునకు కనీసం ఒక రోజుంది, ఒక చెట్టుంది. ఈ మనిషి నాలుగేళ్లుగా లేని తప్పు కోసం తన రోజులన్నీ తవ్వుకుంటూ కూర్చుంది.

ఒళ్లో సమ్మవ్వ చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మా అవ్వకు గూడ దొరకలే," అంది సమ్మవ్వ.

యమున చప్పున తిరిగి చూసింది.

"నా ఎనుక ఒక చెల్లె పుట్టింది. గిట్లనే. పాలు పడితే ముక్కుల కెల్లి వచ్చేటియి. చెంచతోని పట్టాలని అప్పుడు ఎవలకు ఎర్క? వానకాలం ఎల్లకముందే పోయింది." సమ్మవ్వ గొంతు ఎప్పటిలాగే మెల్లగానే ఉంది. "మా నాయినమ్మ తను సచ్చెదాక మా అవ్వను అడిగింది, ఏం కోసినవే, ఏం తొక్కినవే అని. మా అవ్వ పొయ్యి ముంగట కూసోని యాది చేసుకునేది. ఎంత యాది చేసుకున్నా ఏం దొరకకపోయేది." కోడలి వైపు చూడకుండా, ఆమె ఒళ్లోని పాప పాదం మీద చెయ్యి వేసింది. "నీకు దొరికింది. చెట్టు కిందికి పోయినవని. దొరికింది గదా అని నేను నిమ్మళపడ్డ యమునా. నా రక్తంలకెల్లి రాలే అని."

ఇన్ని నెలల కోపాన్ని వెతుక్కుంటే యమున చేతికి అందలేదు. అత్త చెయ్యి పాప పాదం మీదుంది. ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. అక్కడే ఉంచింది.

"ఆ కాయిదం తెచ్చినవా?" సమ్మవ్వ కొంగుతో కళ్లు వత్తుకుని అడిగింది.

"తెచ్చిన."

"ఈ పిల్లకు చదివి చెప్పు. మెల్లగ చదువు."

యమున కాగితం విప్పింది. శీర్షిక వదిలేసి, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. వెనక వరుసలోని ఇద్దరు తల్లులు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. బయట వాన మొదలైనట్టుంది, రేకుల మీద చప్పుడుకి గొంతు కాస్త పెంచాల్సొచ్చింది. రెండో నెల దగ్గరికి రాగానే సమ్మవ్వ చెయ్యెత్తి ఆపింది.

"గక్కడ ఆగు." సారక్క వైపు తిరిగింది. "నీ పిల్ల ఎప్పుడు పుట్టింది బిడ్డా?"

"తొలకరి వానలు పడంగ."

"అయితే రెండో నెల ఎప్పుడొచ్చె? జర ఎనుకకు లెక్కవెట్టు."

సారక్క వేళ్ల కణుపుల మీద బొటనవేలిని నడిపింది. ఒక చోట ఆగింది. ఆ కణుపును అలాగే పట్టుకుని, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసుకుంది.

"వరి కోతలప్పుడు," అంది. "నేను మా అవ్వగారింటికాడ ఉన్న. పొద్దుగూకెదాక కోసినం. కడుపున పడ్డదని అప్పటికి నాకు గూడ ఎర్క లేదు. ఇంటికొచ్చేటప్పుడు గట్టు మీద రేగుపండ్లు కనవడ్డయ్. అప్పుడప్పుడే పండవట్టినయ్. కొంగు నిండ ఏరుకున్న. తినుకుంట, నడుసుకుంట వచ్చినం నేను, మా వదినె." ఆమె ఆగింది. ఇంకేమైనా ఉందేమోనని లోపల తడుముకుంటున్నట్టు కనురెప్పలు కదిలాయి. "గంతే అవ్వా. ఇంకేం లేదు."

"ఇంకేం లేదు బిడ్డా," అంది సమ్మవ్వ.

సారక్క కణుపు మీది వేలు తియ్యలేదు. సమ్మవ్వ ముందుకు వంగి అడిగింది.

"రేగుపండ్లు తియ్యగుండెనా?"

కళ్లు నిండి, నీళ్లు చెంపల మీదుగా కారిపోతుండగా, సారక్క అవునని తలూపింది.